నాలుగు మైకుల మిక్సరు

పెళ్లి ఊరేగింపుల్లో పాటలు వేసే డీజే మిక్సరు గురించి ఈ పత్రికలో వ్యాసం రాస్తే కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో సామాన్ల బేరం ఎందుకని అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. ఏడాది కిందట నేనే అలా అడిగివుండేవాణ్ణి. కాని మొన్నటి మాఘమాసపు ముహూర్తాలకు ముందు మా తమ్ముడు ఒక మిక్సరు కొన్నాడు. దాన్ని ఎంచుకోవడంలో అతని వెంట నేను కూడా మూడు వారాలు తిరిగాను. ప్రజాకళల గురించి పదేళ్లుగా తరగతి గదుల్లోనూ సభల్లోనూ నేను చెబుతూ వచ్చిన మాటల్లో ఒక పెద్ద లోపం ఉన్నదని ఆ తిరగడంలో నాకు తెలిసివచ్చింది. ఆ లోపం నా ఒక్కడిదే అయితే ఇంట్లోనే దిద్దుకునేవాణ్ణి. మనలో చాలామందికి అది ఉన్నదని అనుమానం గనక ఇక్కడ రాస్తున్నాను.

మాది మూసారాంబాగ్. నిజాం కొలువులో ఉండిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోట మూసారాం అయింది. ఆ పేరే ఈ పేటకు నిలిచిపోయింది. ఫిరంగులు పోతపోయించినవాడి పేరు పెట్టుకున్న పేటలో కూర్చుని చప్పుడు మీద ఫిర్యాదు చేయడం ఏమిటని మా తమ్ముడు హాస్యమాడుతుంటాడు. పైన పెద్ద రోడ్డు మీద 2018 నుంచీ మెట్రో రైలు నడుస్తున్నది. దిల్‌సుఖ్‌నగర్ వైపు కోచింగు సెంటర్లు, హాస్టళ్లు. ఇటు మూసీ వైపు దిగితే బస్తీలు. అలాంటి ఒక బస్తీలో, రెండు గదుల ఇంట్లో, మేమిద్దరమూ పెరిగాం.

మా నాయన నల్లగొండ జిల్లా నుంచి కూలికి వచ్చినవాడు. పగలు మట్టిపని, ముహూర్తాలప్పుడు డప్పు. ఊళ్లో డప్పు వెట్టి కిందనే లెక్క: చావుకు పిలిస్తే పోవాలి, జాతరకు పిలిస్తే పోవాలి, పెట్టింది తినాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. నగరంలో అదే డప్పుకు బేరమాడే వీలు చిక్కింది. నలుగురు మనుషులు, ఇన్ని గంటలు, ఇంత కూలి అని ముందుగా మాట్లాడుకోవచ్చు. ఊళ్లో ఏ వాద్యం తన కులాన్ని పదిమందికీ చాటి తనను వాకిట్లోనే నిలబెట్టిందో, ఆ వాద్యంతోనే నగరంలో మా నాయన నా ఫీజులు కట్టాడు. నేను తెలుగులో ఎం.ఏ. చదివి కాలేజీలో లెక్చరర్నయ్యాను. నాకన్నా ఆరేళ్లు చిన్నవాడైన తమ్ముడు డిగ్రీ రెండో ఏడు మానేసి, ఒక సౌండ్ సిస్టం యజమాని దగ్గర స్పీకరు పెట్టెలు మోసే పనికి కుదిరాడు. పెట్టెలు మోసి మోసి, తీగలు కలపడం నేర్చి, ఐదేళ్ల కిందట పాతసామాను కొనుక్కుని సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు.

మూడేళ్ల కిందట ఒక సభలో డప్పు మీద నేను పత్రం చదివాను. శ్రమజీవుల వాద్యమనీ, యంత్రసంగీతం దాన్ని మింగేస్తున్నదనీ, డీజే అనేది మార్కెట్టు సంస్కృతికి పరాకాష్ఠ అనీ అందులో వాదించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. నన్ను బండి మీద ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన తమ్ముడు వెనక వరసలో కూర్చుని అంతా విన్నాడు. దారిలో ఒకే ప్రశ్న వేశాడు.

“అన్నా, నాయినకు పెండ్లిళ్ల గిరాకీ ఎందుకు తగ్గిందంటవ్?”

“మీ డీజేల వల్లనే,” అన్నాను.

వాడు మారు మాట్లాడలేదు. ఆ తరువాత కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాతో మాట్లాడేటప్పుడు పని విషయం రాకుండా జాగ్రత్తపడేవాడు, అంతే. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి పని గురించి ఒకరు మాట్లాడుకోకపోవడం ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మొన్నటి కార్తీకంలో వాడే వచ్చి అడిగాడు. చిట్టీ పాడుకున్నాడు, డబ్బు చేతికి రావాలంటే నెలజీతం ఉన్నవాడి షూరిటీ సంతకం కావాలి. దేనికి అని అడిగాను. మిక్సరుకు అన్నాడు. ఉన్న మిక్సరు ఏమయిందన్నాను. అప్పుడు చెప్పాడు.

కిందటి పెళ్లిళ్లలో వనస్థలిపురం దగ్గర ఒక ఫంక్షన్ హాలులో పని ఒప్పుకున్నాడు. వీడి పాత మిక్సరుకు మైకు పెట్టుకునే చోటు ఒక్కటే. అది పంతులుగారి దగ్గర ఉన్నది. అప్పగింతల వేళ పెళ్లికూతురి నాయనమ్మ లేచి పాట పాడతానన్నది. మైకు పంతులుగారి దగ్గర తీసి ఆమెకు ఇచ్చారు. పంతులుగారిది గట్టి గొంతు. ఆమెది ఎనభయ్యేళ్ల గొంతు. గొంతు వినిపించాలని వీడు మీట పైకి తిప్పేసరికి మైకు కుయ్యిమని కూత పెట్టింది. తగ్గిస్తే ఏమీ వినబడలేదు. కుర్రాళ్లు నవ్వారు. ఎవరో “డీజే వెయ్యి” అని కేక వేశారు. ముసలమ్మ రెండు చరణాలు కూడా కాకముందే కూర్చున్నది.

“ఆమె నన్నేమనలేదు అన్నా. మైకు నా చేతికిచ్చి ‘నీ పని జూస్కో బిడ్డా’ అన్నది. గంతే.”

సంతకం పెడతాను గాని, కొనేది ఏమిటో నాకూ తెలియాలి అన్నాను. అప్పు తీర్చలేకపోతే చిట్టీవాళ్లు నా జీతం మీదికి వస్తారు గనక ఆ మాట అన్నాననుకున్నాడు. అదీ లేకపోలేదు. కాని మూడేళ్లుగా మూసుకుపోయిన తలుపు అది ఒక్కటే తెరుచుకునేటట్టు కనిపించింది.

ఇద్దరం మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగి, కోఠీ గుజరాతీ గల్లీకి నడిచాం. హైదరాబాదులో రేడియో సామాన్లు, యాంప్లిఫయర్లు, స్పీకర్లు కావాలన్నవాళ్లు ఏళ్ల తరబడి చేరుతున్న గల్లీ అది. సన్నటి దారి, రెండు పక్కలా అరచేతి వెడల్పు దుకాణాలు, గొడుగులా వేలాడే తీగచుట్టలు. ఆ మూడు వారాల్లో నాలుగుసార్లు అక్కడికి పోయాం.

మిక్సరంటే ఏమిటో తెలియని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. పాట ఫోనులోంచో లాప్‌టాప్‌లోంచో వస్తుంది. మాట మైకులోంచి వస్తుంది. మైకు పుట్టించే విద్యుత్తు అతి స్వల్పం, వోల్టులో వెయ్యోవంతుల లెక్క. లాప్‌టాప్ ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. ఈ హెచ్చుతగ్గులను సరిచేసి, దేన్ని ఎంత వినిపించాలో నిర్ణయించి, అన్నిటినీ కలిపి యాంప్లిఫయరుకు పంపేది మిక్సరు. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క దారి ఉంటుంది. దాన్ని ఛానల్ అంటారు. మైకు ఛానలుకు మొదట్లో ఒక చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. వోల్టులో వెయ్యోవంతును ఒక వోల్టుకు తేవాలంటే వెయ్యి రెట్లు పెంచాలి. నాసిరకం పరికరంలో ఆ పెంపకంతో పాటు దాని సొంత రొద కూడా పెరిగి బుస్సుమంటుంది. మంచిదానిలో గొంతు పెరుగుతుంది, రొద అడుగునే ఉంటుంది. ముసలమ్మ పాటకు కావలసినది ఇదే. ఆ వేళ మైకు కూత పెట్టడానికి మాత్రం మిక్సరు ఒక్కటే కారణం కాదని, స్పీకరు ముందు ఆమెను నిలబెట్టడం తన పొరపాటని, తమ్ముడు తానే ఒప్పుకున్నాడు. స్పీకరు పలికినది మళ్లీ మైకులో పడి చుట్టు తిరిగితే ఎంత ఖరీదైన మిక్సరైనా కూస్తుంది.

దుకాణదారు మాకు మొదట చూపించినది వేరు. చక్రాలు, రంగు దీపాలు, తాకితే మెరిసే మీటలు ఉన్న డీజే కంట్రోలరు. ఒక పాటలోంచి మరొక పాటలోకి తాళం తప్పకుండా జారుకోవడానికి అది చక్కటి సాధనం. ఆ పని కూడా విద్యే, అందులో సందేహం లేదు. కాని మా ముందు పెట్టిన దానికి మైకు చోటు ఒక్కటే.

“గిది పెడితే పెండ్లోళ్లు ఖుష్ అయితరు భయ్యా. లైట్లు జూసే రేటు మాట్లాడుతరు,” అన్నాడు దుకాణదారు.

అతను అబద్ధమాడలేదు. డబ్బిచ్చేవాడి కంటికి కనబడే గుణం వేరు, పనిచేసేవాడి చేతికి తెలిసే గుణం వేరు. రెండోది దీపాల్లో కనబడదు. దాదాపు అదే ధరకు పక్కన బూడిదరంగు మిక్సరు ఒకటి ఉన్నది. దీపాలు లేవు, చక్రాలు లేవు. నాలుగు మైకు ఛానళ్లు, పాటలకు వేరే ఛానళ్లు. చూడడానికి కరెంటాఫీసులో సామాను లాగా ఉన్నది.

తమ్ముడు దాన్ని పరీక్షించిన తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. ఏ పాటా వేయలేదు. మైకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, మీట నెమ్మదిగా పైకి తిప్పుతూ నిశ్శబ్దాన్ని విన్నాడు. ఏమీ మాట్లాడనప్పుడు ఎంత రొద ఉన్నదో అదే పరికరం అసలు గుణమన్నాడు. తరువాత ఒక్కొక్క జారుడు మీటనూ కిందికీ పైకీ నడిపి గరగర వినిపిస్తుందేమో చూశాడు. వెనక వైపు తిప్పి మూడు ముళ్ల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు చూశాడు. ఆ తీగలో ఒకే సంకేతాన్ని రెండు దారుల్లో, ఒకదానికొకటి తలకిందులుగా పంపుతారు. దారిలో సోకిన రొద రెండింటికీ ఒకేలా సోకుతుంది. చివర ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే రొద పోయి సంకేతం మిగులుతుంది. జనరేటరు, వందల దీపాలు, వాటి తీగలు ఉన్న పెళ్లిపందిట్లో అది లేకపోతే రాత్రంతా గుయ్యిమంటూనే ఉంటుందట. ఆఖరుకు ఒక ప్రశ్న: ఇది చెడిపోతే ఈ గల్లీలో బాగుచేసేవాడున్నాడా, విడిభాగాలు దొరుకుతాయా? ముహూర్తం నాడు ఆగిపోయే యంత్రం ఎంత గొప్పదైనా అతనికి పనికిరాదు. డిజిటల్ మిక్సరు ఇంకా ఎన్నో పనులు చేస్తుందని దుకాణదారు చెబితే కాదనలేదు. డీసీఎం బండి మీద దుమ్ములో, కుదుపుల్లో, చీకట్లో చెయ్యి తడిమితే తగిలే మీటలే తనకు కావాలన్నాడు.

నేను పద్యంలో యతి చూసినట్టు వాడు మిక్సరులో రొద చూస్తున్నాడు. నాకు జీతం ఉన్నది, వాడికి లేదు. నా చూపుకు పాండిత్యమని పేరు, వాడి చూపుకు పేరు లేదు.

ఆ రాత్రి ఇంట్లో ఈ గెయిన్ మీట సంగతి నాయనకు చెబుతుంటే ఆయన చాలాసేపు విని, “డప్పు కాగబెట్టుడే గదరా,” అన్నాడు. నిజమే. తోలు చల్లబడి మెత్తబడితే డప్పు పలకదు. మంట దగ్గర పట్టి బిగించాలి. తక్కువ కాగితే డబడబ, ఎక్కువ కాగితే తోలు పగులుతుంది. ఎంత సెగ చాలో చేతికి తెలియాలి. మిక్సరులోనూ గెయిన్ తక్కువైతే రొద, ఎక్కువైతే పగులు. సంకేతం పరికరపు హద్దు దాటినప్పుడు అల తల తెగి చదునవుతుంది. దాన్ని క్లిప్ అంటారు, ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ పగిలిన ధ్వని పెద్ద యాంప్లిఫయరు గుండా పోయి స్పీకర్లలోని సన్న ధ్వనుల భాగాన్ని కాల్చివేస్తుంది. ఎర్ర దీపానికి ఎంత దూరంలో హాయిగా పనిచేయగలదో అదే మంచి మిక్సరు లక్షణమన్నాడు తమ్ముడు.

అయితే ఆ దీపం వెలగడం వాడి చేతిలో మాత్రమే లేదు. “పెంచు, ఇంకా పెంచు” అనేవాడు డబ్బిచ్చేవాడు. ఇక్కడ చప్పుడు సంగతి తప్పించుకోవడానికి వీలులేదు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెళ్లు, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు కూడదు. 2005లో సుప్రీంకోర్టు ఈ విషయమై వివరమైన తీర్పు ఇచ్చింది. 2024లో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పరీక్షలకు చదువుకునే పిల్లలూ, గుండెజబ్బు మనుషులూ ఉన్న గల్లీల్లో బతికేవాణ్ణి గనక ఈ నియమాలు అక్కరలేదని నేను అనను.

కాని వాటిలో ఒక సంగతి గమనించాలి. బహిరంగ స్థలంలో చప్పుడును ఆ నియమాలు కొలిచేది స్థలపు హద్దు దగ్గర. గోడ అవతలివాడి చెవికి అవి కాపు. గోడ ఇవతల, స్పీకరు పక్కన ఆరు గంటలు నిలబడే మనిషి చెవి ఆ కొలతలోకి రాదు. మూసివున్న ఫంక్షన్ హాళ్లకు రాత్రి నిషేధంలో మినహాయింపు కూడా ఉన్నది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెళ్ల చప్పుట్లో 8 గంటలు పనిచేయవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకూ ఆ కాలం సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర అది 15 నిమిషాలు. 1948 ఫ్యాక్టరీల చట్టం తన షెడ్యూలులో చప్పుడు వల్ల వచ్చే చెముడును వృత్తివ్యాధిగా చేర్చుకున్నది. డీసీఎం బండి ఫ్యాక్టరీ కాదు. మా తమ్ముడికి పెళ్లి మరునాడు మధ్యాహ్నం దాకా కుడిచెవిలో కీచురాయి అరుస్తుంది. పెట్టెలు మోసే ఇద్దరు కుర్రాళ్లకూ అంతే. మన వార్డుల్లో చప్పుడు మీద ఫిర్యాదు రాసేవాళ్లెవరూ, నాతో సహా, వాళ్ల చెవుల గురించి ఒక వాక్యం రాసిన గుర్తు నాకు లేదు.

మంచి మిక్సరు ఇక్కడ కొంత పనికివస్తుంది. ధ్వని స్పష్టంగా ఉన్నప్పుడు అంత పెంచవలసిన అవసరం తగ్గుతుంది. మసకగా ఉన్నప్పుడే జనం పెంచమంటారని తమ్ముడి అనుభవం. కాని యంత్రం యజమాని మనసు మార్చదు. స్పష్టంగా ఉన్నా పెంచమనేవాళ్లు ఉంటారు. కాదంటే వచ్చే ముహూర్తానికి మరొకణ్ణి పిలుస్తారు. గుణం గల పనిముట్టు ఉండడం వేరు, దాన్ని గుణంగా వాడే స్వేచ్ఛ ఉండడం వేరు. ఈ రెండోది గుజరాతీ గల్లీలో దొరకదు.

ఇప్పుడు నా పత్రం సంగతికి వస్తాను. డప్పు ప్రజల వాద్యం, డీజే మార్కెట్టు యంత్రం అని నేను గీసిన గీత ఎంతవరకు నిలుస్తుంది? అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో తొలి మహాసభ జరుపుకున్న రోజుల్లోనే ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. షేక్ నాజర్ దాన్ని ఊరూరా వేలమంది ముందు నిలబెట్టాడు. పాత రూపం కొత్త అవసరానికి వంగితే అది చెడిపోయిందని నాడు మనవాళ్లు అనుకోలేదు. దూరదేశపు ఉదాహరణ కావాలంటే జమైకా ఉన్నది. 1950లలో కింగ్‌స్టన్ పేదవాడల్లో పెద్ద స్పీకర్లూ రికార్డులూ పెట్టి నృత్యాలు జరిపేవారు. వాద్యబృందాన్ని పిలిపించే స్తోమతు లేనివాళ్ల సంగీతం అది. క్రమంగా ఆ రికార్డు మీద ఒక మనిషి మైకు పట్టుకుని లయగా మాట్లాడసాగాడు. ఆ సంప్రదాయంలో పుట్టి వలసపోయిన కూల్ హెర్క్ 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో జరిపిన విందును హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. రికార్డు వేసే యంత్రానికి మైకు కూడా తోడయింది గనకనే అక్కడి పేదలకు ఒక కొత్త గొంతు వచ్చింది.

కాబట్టి యంత్రమా, వాద్యమా అన్నది సరైన ప్రశ్న కాదు. ఆ యంత్రంలో బతికివున్న మనిషికి ఎన్ని ఛానళ్లు వదిలిపెట్టారు, ఆ మనిషికి కూలి ఎవరిస్తారు అన్నవే ప్రశ్నలు. ఒక్క మైకున్న కంట్రోలరు కొనేవాడు, తెలిసో తెలియకో, పందిట్లో ఒక్కడే మాట్లాడతాడని నిర్ణయిస్తున్నాడు. మిగతావాళ్లు నాట్యం చేయాలి, లేదా వినాలి. నాలుగు మైకులున్నచోట పంతులుగారికి ఒకటి పోయినా సన్నాయికి ఒకటి, నాయనమ్మకు ఒకటి, డప్పుకు ఒకటి మిగులుతుంది.

ఈ మాట ఉత్సాహంగా తమ్ముడితో అంటే వాడు నవ్వాడు.

“మైకు నేనిస్త అన్నా. కూలెవరిస్తరు? ‘డీజే పెట్టినం గదా, మల్ల డప్పులెందుకు’ అంటరు. గట్ల అన్నోళ్లల్ల మీ కాలేజోళ్లు గూడ ఉన్నరు. మీటింగుల డప్పు, పెండ్లిల డీజే.”

నేను జవాబు చెప్పలేదు. రెండేళ్ల కిందట జరిగిన నా పెళ్లికి డప్పు పెట్టలేదు. నా సహాధ్యాపకులు వస్తారని, మా నాయన కూడా ఆ పూట కొత్త అంగీ తొడుక్కుని కుర్చీలో కూర్చుంటే బాగుంటుందని, నేనే అన్నాను. ఆయన అలాగే కూర్చున్నాడు. డప్పు మీద పత్రం చదివి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

బూడిదరంగు మిక్సరే కొన్నాం. దాని పేరు ఇక్కడ రాయను. ఇది ప్రకటన కాదు. నేను షూరిటీ సంతకం పెట్టాను. ఇరవై నెలలు వాయిదాలు.

మాఘంలో మొదటి పెళ్లి ఎల్బీనగర్ దగ్గర. పెళ్లికొడుకు తండ్రి ఆర్టీసీలో పనిచేసి విరమించినవాడు. తమ్ముడు ముందుగానే ఆయనతో మాట్లాడి, తన రేటులో కొంత తగ్గించుకుని, బరాత్‌కు నలుగురు డప్పువాళ్లను ఒప్పించాడు. నలుగురిలో ముగ్గురు మా నాయనతో పాతికేళ్లు కొట్టినవాళ్లు. మోకాళ్లు నొప్పులు గనక ఆయన కొట్టడం మానేసి చాలాకాలమయింది. చూడడానికి వస్తానంటే తీసుకువెళ్లాను.

రాత్రి ఎనిమిదింటికి బరాత్ బయలుదేరింది. మొదట పాటలు. ఒక మలుపు దగ్గర తమ్ముడు పాట ఛానలును నెమ్మదిగా కిందికి దించాడు. డప్పులు అందుకున్నాయి. ఒక మైకు వాటి ముందు నిలబెట్టాడు. ఉత్తినే కొట్టినా డప్పు గల్లీ అంతా వినిపిస్తుంది. కాని పాటల హోరుకు అలవాటుపడిన చెవులకు ఒక్కసారిగా పలచబడినట్టు తోస్తుంది, అందుకని మైకు. జనం ఆగలేదు, నాట్యం సాగింది. నాకు అంతా బాగానే ఉన్నట్టు తోచింది. మా నాయన మాత్రం బండి దగ్గరికి నడిచి, కింద నిలబడి, తమ్ముణ్ణి పిలిచాడు.

“సిర్ర దెబ్బ ఇనొస్తున్నది. సిటికెన పుల్ల ఇనొస్తలేదు.”

డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతి సిర్ర లావుది, గట్టి దెబ్బ దానిది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నది. దెబ్బకూ దెబ్బకూ నడుమ చిరుశబ్దాలు పలికించేది అదే. సిర్ర ఒక్కటే వినిపిస్తే అది డప్పు కాదు, ఉత్త చప్పుడు. తమ్ముడు ఆ ఛానలులో లావు ధ్వనుల మీట కొంచెం తగ్గించి, సన్న ధ్వనుల మీట కొంచెం పెంచి నాయన వంక చూశాడు. నాయన చెయ్యి ఊపాడు: ఇంకొంచెం. వాడు ఇంకొంచెం తిప్పాడు. నాయన తల ఆడించాడు. మొత్తం మీద పెద్ద మీటను వాడు పెంచలేదు. ఎర్ర దీపం వెలగలేదు. డప్పు ఇప్పుడు వేరుగా వినబడింది. నేను పత్రంలో ‘లయవైవిధ్యం’ అని రాసినది ఆ సన్నపుల్ల శబ్దమే. కాని అది వినబడడం లేదన్న సంగతి నాకు తెలియలేదు.

తొమ్మిదీ ముప్పావుకు అన్నీ కట్టేశారు. నలుగురికీ కూలి ముట్టింది. దాంట్లో తమ్ముడు తన రేటులో తగ్గించుకున్న భాగం ఎంతో నాకు తెలుసు. ఇలాంటిది ప్రతి పెళ్లికీ సాగదు. ఆ తరువాత మాఘ ఫాల్గుణాల్లో వాడు చేసిన పదకొండు పెళ్లిళ్లలో డప్పులు ఒప్పుకున్నవి రెండే. కాని పెళ్లివాళ్ల ఆడవాళ్లు పాడతామని మైకు అడిగినవి ఆరు ఉన్నాయట. ఇంతకుముందు కూడా అడగాలని ఉండేదేమో, అడిగే చోటు లేకపోయింది. తమ్ముడి కుడిచెవి సంగతి అలాగే ఉన్నది. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు కొన్నాడు, కుర్రాళ్లకూ కొనిచ్చాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే ముహూర్తాలు కానియ్యమంటున్నాడు.

మార్కెట్టు సంస్కృతి మీద మన విమర్శ అబద్ధమని నేను ఇప్పుడు అనడం లేదు. డప్పుకు కూలి తగ్గినది నిజం. దానికి కారణం మిక్సరు కాదు, దాని వెనక నిలబడినవాడు అసలే కాదు. నలుగురికి ఇచ్చే కూలి ఒకరికి ఇస్తే చాలునన్న లెక్క దానికి కారణం. ఆ లెక్క వేసేవాళ్లలో వేదిక మీద డప్పును పొగిడిన మనమూ ఉన్నాం. ఈ సంగతి నా పత్రంలో లేదు. దాన్ని ఒక సంకలనంలో వేస్తామని అడుగుతున్నారు. తిరిగి రాసి ఇస్తానని గడువు కోరాను. ఈసారి రాసింది అచ్చుకు పంపేముందు నాయనకు చదివి వినిపిస్తాను. తమ్ముడు తానూ ఉంటానన్నాడు.